ఓడిల్ గారి తొమ్మిది సినిమాలు

దోసెల పిండి రుబ్బుతూ, మినప్పప్పు నలిగిందో లేదో చూద్దామని గ్రైండర్ ఆపాను. ఆ ఒక్క నిమిషం చప్పుడు లేకపోవడం వల్లే పక్క గదిలో మా ఆయన ఫోనులో అంటున్న మాట వినిపించింది. "లేదండీ, నా భార్యకు ఇప్పుడు ఇష్టం లేదు. అవును, తనే చెప్పింది. ఫోన్ చేసినందుకు థాంక్స్, ఫ్రావ్ హోల్ట్‌మన్." మాట్లాడింది జర్మన్‌లో. నాకు అర్థం కాదన్న నమ్మకంతో గొంతు కూడా తగ్గించలేదు. పిండి చేత్తో అలాగే నిలబడిపోయాను. అబద్ధం సంగతి తర్వాత. ఆ గొంతు తగ్గించకపోవడమే ముందు నన్ను పొడిచింది.

ఫ్రావ్ అంటే శ్రీమతి. ఈ ఫ్రావ్ హోల్ట్‌మన్ మా అమ్మాయి తార చిన్నప్పుడు వెళ్ళిన కిటాకి పెద్ద. బడి వయసు రాని పిల్లల్ని చూసుకునే చోటుని ఇక్కడ కిటా అంటారు. తార ఇప్పుడు మూడో తరగతి. కిందటి వారం ఆ దారిన సైకిల్ మీద వస్తూ కిటా తలుపుకి అంటించిన కాగితం చూశాను. వంటింట్లో సాయానికి మనిషి కావాలి, పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా అని ఉంది. భోజనం బయట వండి తెస్తారు. వేడి చేసి, పిల్లల ముందు పెట్టి, తర్వాత గిన్నెలు కడిగి సర్దాలి. తార బడి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉంటాను. మాంసం సంగతి కూడా లోపలికి వెళ్ళి అడిగాను. వారానికోసారి చేప వస్తుంది, గ్లౌజులు ఇస్తాం అంది అక్కడి అమ్మాయి. ఆ సాయంత్రం దీపం పెట్టి అమ్మవారితో చెప్పుకున్నాను. మర్నాడు వెళ్ళి ఫారం నింపి ఇచ్చి వచ్చాను. జర్మనీలో ఈ ఎర్లాంగెన్‌కి వచ్చి పదకొండేళ్ళయింది. ఈ ఊళ్ళో నా అంతట నేను నింపిన మొదటి ఫారం అదే.

అందులో ఫోన్ నంబరు గడిలో మాత్రం మా ఆయన నంబరు రాశాను. ఎవరూ రాయమనలేదు. ఇన్నేళ్ళుగా డాక్టరు దగ్గరా, బ్యాంకులో, తార బడిలో, వీసా ఆఫీసులో ఆ గడిలో ఆయన నంబరే ఉంది. నా చెయ్యి దానంతట అదే రాసింది. నా నంబరు నాకు కంఠతా రాదు కూడా. ఈ సంగతి తర్వాత మా చెల్లెలు గీతికకి ఫోనులో చెబితే పకపకా నవ్వింది. గీతిక ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్ద ఉద్యోగం చేస్తుంది, కింద పదిమంది ఉంటారు. "అక్కా, మా ఇంట్లోనూ అంతే. నా బ్యాంకు ఓటీపీ కూడా ఆయనకే పోతుంది. ఆయన మీటింగ్ అయ్యేదాకా నా డబ్బు నాకు రాదు," అంది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు వచ్చినందుకు చిరాకేసింది.

ఆ రోజు మధ్యాహ్నమే ఆయన్ని అడిగాను. ఇంటి నుంచే పని చేస్తున్నారు కాబట్టి భోజనానికి బల్ల దగ్గరికే వచ్చారు. చారు పోస్తూ, "కిటా నుంచి ఫోన్ వచ్చిందాండీ?" అన్నాను.

ఆయన అన్నంలో చారు కలుపుకున్నారు. "వచ్చింది. చెబుదామనే అనుకున్నా. నీకెందుకు కుముదా ఆ శ్రమ? పరాయి పిల్లల ఎంగిలి ప్లేట్లు కడగడం అవసరమా మనకి? ఇంట్లో ఏం తక్కువైంది?"

"తక్కువైందని కాదండీ."

"వాళ్ళు చేపలూ అవీ పెడతారు. నువ్వు శుక్రవారం ఉల్లిపాయ కూడా ముట్టవు. నీ పూజలు ఏం కాను? నీ కోసమే ఆలోచించి చెప్పాను." ఆ తర్వాత అప్పడం విరుస్తూ, చివర్లో, చాలా మామూలుగా అన్నారు. "మా టీం దశరథ్ వాళ్ళ బాబు అక్కడే ఉన్నాడు. రేపు వాడొచ్చి మా నాన్న ఫ్రెండ్ వాళ్ళ ఆంటీ ప్లేట్లు తీస్తోంది అంటే బాగుంటుందా?"

అసలు సంగతి అదీ. నా పూజల పేరు చెప్పి తన పరువు కాపాడుకున్నారు. సాయంత్రం వీడియో కాల్ వచ్చేసరికి మా అత్తయ్య బాలామణి గారికి కూడా సంగతి తెలిసిపోయింది. "అంట్లు తోమడానికా అమ్మా విమానమెక్కి అంత దూరం వెళ్ళింది?" అన్నారు ఒంగోలు నుంచి. ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు నేను సింకు దగ్గర అంట్లే తోముతున్నాను. ఫోను గిన్నెల స్టాండుకి ఆనించి ఉంది. ఆవిడకి నా మోచేతుల దాకా నురగ కనిపిస్తూనే ఉంది. ఆ అంట్లు మాత్రం అంట్లు కావు కాబోలు.

మా ఆయన చెడ్డవారు కారు. ఆ మాట రాయకపోతే నాకు పాపం తగులుతుంది. నేను గర్భంతో ఉన్నప్పుడు ప్రతి టెర్మిన్‌కీ, అంటే డాక్టరు అపాయింట్‌మెంటుకీ, సెలవు పెట్టి నాతో వచ్చారు. డాక్టరమ్మ నన్ను చూస్తూ "ఎక్కడ నొప్పి?" అని అడిగితే ఆయనే జవాబు చెప్పేవారు. నెలసరి తేదీలు ఆయనే చెప్పేవారు. నొప్పి కుడివైపు అని నేను తెలుగులో అంటే "కొంచెం అసౌకర్యంగా ఉందట" అని జర్మన్‌లో చెప్పేవారు. నా నొప్పి ఆయన నోట్లోంచి బయటికి వచ్చేసరికి సగమయ్యేది. అప్పట్లో అది ఊరటగానే ఉండేది. భాషా తరగతులకి వెళ్ళాను, తార పుట్టాక ఆగిపోయాయి. మళ్ళీ వెళ్తానంటే "నేనున్నానుగా" అన్నారు. ఇప్పుడు నేను రోడ్డు మీద జర్మన్ మాట్లాడబోతే తారే చెయ్యి లాగుతుంది. "అమ్మా, ప్లీజ్, నా ఫ్రెండ్స్ ముందు వద్దు. పైన్‌లిష్‌గా ఉంటుంది," అంటుంది. పైన్‌లిష్ అంటే తలవంపులు. ఆ మాట నాకు నా కూతురే నేర్పింది.

నా జర్మన్ ఎలా పెరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మా భవనంలో కింది అంతస్తులో ఓడిల్ గారని ఒక ఫ్రెంచి ఆవిడ ఉంటారు. ఎనభై ఒక్క ఏళ్ళు. రెండేళ్ళ కిందట మంచులో జారిపడి తుంటి ఎముక విరిగింది. అప్పటి నుంచి బుధవారాలు ఆవిడకి కూరలూ పాలూ తెచ్చి పెడుతున్నాను. ఆవిడకీ జర్మన్ పుట్టుభాష కాదు కనుక ఒక్కో మాటా విడివిడిగా, ప్లేట్లో పెట్టినట్టు పలుకుతారు. నాకు అర్థమయ్యేదాకా ఆగుతారు. నోరు మాత్రం మంచిది కాదు. "మీ పులుసు నా నాలుక కాల్చింది మదామ్. మళ్ళీ ఎప్పుడు తెస్తారు?" అంటారు. నేను గడప దగ్గర చెప్పులు విప్పితే "ఇదేమైనా గుడా?" అని నవ్వుతారు.

ఆవిడ ఒకప్పుడు సినిమా నటి అని మొదట్లో నాకు తెలియదు. గోడ మీద ఫొటోల్లో పొట్టి జుట్టుతో, పెద్ద కళ్ళతో ఉన్న అమ్మాయిని చూసి కూతురేమో అనుకున్నాను. కొంచెం కొంచెంగా చెప్పారు. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. నాన్న వలలు బాగుచేసేవాడు, అమ్మ చేపలు శుభ్రం చేసేది. పదిహేడేళ్ళకి పారిస్ వచ్చి చేతి తొడుగుల కొట్లో పనికి కుదిరారు. కొట్టుకి వచ్చిన ఒకాయన చూసి చిన్న వేషం ఇచ్చాడు. ఇరవై ఒకటికి నాయిక అయ్యారు, తపాలా ఆఫీసులో పనిచేసే అమ్మాయి వేషం. ఆ సినిమాకి పేరొచ్చింది. తర్వాత హార్ట్‌మూట్ అనే జర్మన్ దర్శకుణ్ణి పెళ్ళి చేసుకొని మ్యూనిక్ వచ్చారు. ఇక్కడ తొమ్మిది సినిమాల్లో నాయికగా చేశారు. నలభై దాటగానే వేషాలు ఆగిపోయాయి. చివరికి తన కంటే మూడేళ్ళు పెద్దవాడైన హీరోకి తల్లిగా వెయ్యమని అడిగారట. ఆ పెళ్ళీ నిలవలేదు. ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళు సాయంత్రం తరగతుల్లో ఫ్రెంచి నేర్పారు. "ఈ ఊళ్ళో సగం మంది కాఫీ అడగడం నా దగ్గరే నేర్చుకున్నారు. సరిగ్గా ఒక్కళ్ళూ అడగరు," అంటారు.

ఫోన్ వచ్చిన మర్నాడు బుధవారం. పాలు ఫ్రిజ్‌లో పెడుతుంటే నా ముఖం చూసి, "ఏమైంది?" అన్నారు. చెప్పాలనే ఉంది, మాటలు కుదరలేదు. ఏమీ లేదన్నాను. "సరే, కూర్చోండి, ఈ రోజు పని వద్దు," అని టీవీలో తన సినిమా ఒకటి పెట్టారు.

నలుపు తెలుపు బొమ్మ. ఇరవై నాలుగేళ్ళ ఓడిల్ గారు రైలు స్టేషన్‌లో ఒక మగవాడితో గొడవపడుతున్నారు. నేను ముందుకు వంగి చూస్తున్నాను. ఏదో తేడాగా ఉంది. ముఖం ఆవిడదే, ఆ కనుబొమ లేపడం ఆవిడదే. మాట మాత్రం ఆవిడది కాదు. బరువైన, కొంచెం బొంగురు గొంతు. జర్మన్ గడగడా సాగిపోతోంది.

"అది మీ గొంతు కాదు కదా?" అన్నాను.

"కాదు. రెనాటె అని ఒకామెది. తొమ్మిది సినిమాలకీ ఆమే."

ఈ దేశంలో బయటి సినిమాలన్నిటికీ జర్మన్ గొంతు పెట్టి చూపించడం అలవాటే. మన దగ్గరా డబ్బింగ్ ఉంది, అందులో నాకు వింత లేదు. కానీ ఓడిల్ గారు ఆ సినిమాలన్నీ జర్మన్‌లోనే మాట్లాడి నటించారు. కష్టపడి నేర్చుకున్నారు. నెలల తరబడి అద్దం ముందు పలికారు. షూటింగ్ అయ్యాక యాస ఉందని ఆవిడ మాటంతా తీసేసి రెనాటె గొంతు అతికించారు. రొట్టెల కొట్టుకి వెళ్తే కొట్టు మనిషి ఎగాదిగా చూసి, "మీరు అచ్చం ఆ నటిలా ఉన్నారు, నోరు తెరిస్తేనే తెలిసిపోతుంది కాదని," అన్నాడట. ఒకసారి బహుమతి ఇచ్చే సభలో విలేఖరులు ఆవిడ ముందు మైకు పెడితే హార్ట్‌మూట్ మధ్యలోకి వంగి, "ఓడిల్ ఏమంటోందంటే" అని తానే చెప్పాడట. ఆవిడ అప్పటికి నోరే తెరవలేదట.

"రెనాటెని చూశారా?"

"ఒక్కసారి. చిన్న గదిలో, జలుబుతో ముక్కు చీదుకుంటూ నా ఏడుపు ఏడుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. 'ఆరేళ్ళుగా నేను మీరే. నా ముఖం ఎవరికీ తెలియదు,' అంది. ఏం చెయ్యాలో తెలియక ఇద్దరం ఒక సిగరెట్ పంచుకున్నాం."

తర్వాత ఓడిల్ గారు రిమోట్ తీసుకొని టీవీ గొంతు ఆపేశారు. తెర మీద ఆ అమ్మాయి పెదాలు కదులుతున్నాయి. నా పక్కన కూర్చున్న ముసలావిడ ఆ పెదాలకి సరిగ్గా సరిపోయేలా మాటలు పలకడం మొదలుపెట్టారు. యాభై ఏడేళ్ళ కిందటి మాటలు. ఒక్కటీ మరచిపోలేదు. వణికే గొంతు, గరగరమనే ఫ్రెంచి యాస. ఆ అమ్మాయి మాట ఆపినప్పుడు ఈవిడా ఆపారు. ఆమె ఊపిరి పీల్చినప్పుడు ఈవిడా పీల్చారు. రైలు కదిలి వెళ్ళిపోయింది. ఓడిల్ గారు టీవీ కట్టేసి, చల్లారిన కాఫీ తాగారు.

"ఎందుకు ఒప్పుకున్నారు?" అన్నాను. అడగకూడదేమో అనిపించింది. కానీ అడిగాను.

"ఎవరూ బలవంతం చెయ్యలేదు మదామ్. ప్రతిసారీ చాలా మర్యాదగా అడిగారు. నువ్వు అలసిపోయావు, ఇది మేం చూసుకుంటాం అన్నాడు హార్ట్‌మూట్. గట్టిగా అరిచినవాడి మీద తిరగబడొచ్చు. పువ్వులు పట్టుకొచ్చిన వాణ్ణి ఏమనాలి? తొమ్మిదిసార్లు సరే అన్నాను. ఒక్కసారి వద్దంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను తింటుంది."

అప్పుడు నా సంగతంతా చెప్పేశాను. కిటా, ఫారం, ఫోన్ నంబరు, ఆయన అన్న మాట. వచ్చిన ముక్కలతో, రానిచోట చేతులతో. చివర, "మీరు ఫ్రావ్ హోల్ట్‌మన్‌కి ఒక్క ఫోన్ చేస్తారా? నాకు ఇష్టమేనని చెప్పండి చాలు. మీరైతే చక్కగా చెబుతారు," అన్నాను.

ఓడిల్ గారి ముఖం ఎర్రబడింది. "నేనా? ఇంతసేపూ చెప్పింది ఎవరికి? రెనాటె పని నన్ను చెయ్యమంటారా?"

"నాకు రాదు కదండీ. తప్పులు వస్తాయి."

"రానివ్వండి. నా తప్పులు తీసేసి తొమ్మిది సినిమాలు చేశారు. ఏం బావుకున్నారు?"

కోపంతో లేచి పైకి వచ్చేశాను. సాయం అడిగితే పాఠం చెప్పింది, రెండేళ్ళు పాలు మోసినందుకు ఇదా అనుకున్నాను. మెట్లెక్కుతూ ఆవిడనీ, ఆయన్నీ, ఆ ఫారంలో ఆ నంబరు రాసిన నా చేతినీ కలిపి తిట్టుకున్నాను. సాయంత్రం ఆయన మామూలుగానే ఉన్నారు. దోసెలు మెత్తగా వచ్చాయని మెచ్చుకున్నారు కూడా.

గురువారం పొద్దున తార, ఆయన వెళ్ళాక దీపం పెట్టుకొని కూర్చున్నాను. మా ఇంట్లో వ్రతం చేసినప్పుడల్లా సంకల్పంలో గోత్రం ఆయనది, పేరు ఆయనది చెబుతారు. ధర్మపత్నీ సమేతస్య అని నన్ను చివర కలుపుతారు. నేను దానికి ఎన్నడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. పెద్దలు పెట్టిన పద్ధతి. కానీ నేను ఒంటరిగా కూర్చుని అమ్మా అన్నప్పుడు ఆ తల్లి నీ భర్తని పిలుచుకురా అనదు కదా. నా తప్పుల తెలుగు స్తోత్రాలు ఇన్నేళ్ళూ విన్నది. ఆవిడకి లేని పట్టింపు ఫ్రావ్ హోల్ట్‌మన్‌కి ఉంటుందా? ఉంటే ఉంటుంది, వెళ్ళకుండా ఎలా తెలుస్తుంది? పసుపు కుంకుమ కళ్ళకద్దుకొని లేచాను. కోటు వేసుకొని సైకిల్ తీశాను.

దారి పొడవునా వాక్యాలు కట్టుకున్నాను. కిటా గుమ్మంలోకి వెళ్ళేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఫ్రావ్ హోల్ట్‌మన్ నన్ను గుర్తుపట్టి నవ్వింది. "తార వాళ్ళ అమ్మ కదూ మీరు! మీ వారు మొన్న చెప్పారు, మీకు ఇష్టం లేదని," అంది.

ఆయన అబద్ధమాడారని పరాయి మనిషి ముందు అనడానికి నాకు నోరు రాలేదు. ఇష్టం లేదని ఒప్పుకోవడానికీ రాలేదు. ఆవిడ వెనక గోడకి పిల్లల చిన్న చిన్న కోట్లు వేలాడుతున్నాయి. ఎక్కడో ఒక పిల్ల ఏడుస్తోంది.

"అది ఆయన చెప్పింది," అన్నాను. "నేను చెప్పలేదు. నాకు ఇష్టం. మొన్న కూడా ఇష్టం." క్రియలన్నీ తప్పే అయుంటాయి. ఆవిడ నవ్వలేదు.

కుర్చీ చూపించింది, కూర్చోబెట్టింది. నెమ్మదిగా, కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "క్షమించండి. నిన్న మధ్యాహ్నం ఆ పని ఇంకొకరికి ఇచ్చేశాం. సంతకాలు కూడా అయిపోయాయి. ఇప్పుడు లేదు."

ఒక్కో మాటా అర్థమైంది. బుధవారం పొద్దునే, అలిగి మెట్లెక్కకుండా ఇటు వచ్చి ఉంటే అనుకున్నాను. ఏడుపు రాకుండా నా చేతి గాజుల్ని చూసుకున్నాను.

"వసంతంలో ఒకామె మానేయొచ్చు. ఖాళీ వస్తే మీ వారికి ఫోన్ చెయ్యమంటారా?" అంది.

"వద్దు," అన్నాను. "నేనే వస్తాను. సోమవారం వస్తాను. తర్వాత సోమవారం కూడా. లేకపోతే లేదని చెప్పండి."

ఆవిడ నన్నొకసారి పరీక్షగా చూసి, సోమవారాలు తొమ్మిదింటికి తాను ఖాళీగా ఉంటానంది.

సాయంత్రం ఆయన వచ్చి టీ తాగుతుండగా చెప్పాను. దాచలేదు, మాటలు అటూ ఇటూ తిప్పలేదు. ఆయన కప్పు పక్కన పెట్టారు. "నాకో మాట చెబితే ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి కదా. నువ్వు ఒక్కదానివీ వెళ్ళి ఏం సాధించావు? మొహం మీద లేదనిపించుకొని వచ్చావు."

"అవునండీ," అన్నాను. "ఈ దేశంలో ఒకరు నన్ను చూసి, నాతోనే, లేదని చెప్పడం ఇదే మొదటిసారి. సోమవారం మళ్ళీ వెళ్తున్నాను."